గ్రైండర్ కింద వెట్‌సూట్

మా వంటింట్లో గ్రైండర్ కింద నల్లటి రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. ఇడ్లీ పిండి తిరుగుతున్నప్పుడు గ్రైండర్ నడుచుకుంటూ సింకు వైపు పోకుండా ఆపేది అదే. ఇంటికొచ్చినవాళ్ళు మ్యాట్ భలే ఉందే, ఎక్కడ కొన్నావు అంటారు. చెప్తే నమ్మరు. అది నా మొదటి వెట్‌సూట్, అంటే సముద్రంలో డైవింగ్‌కి ఒంటికి బిగుతుగా వేసుకునే రబ్బరు సూట్, దాని కుడి తొడ. పన్నెండు వేలు పెట్టి కొన్నాను. రెండేళ్ళు దాటిందో లేదో పోయింది. దాంతో నేను చేసిన డైవ్‌లు మొత్తం 31. బ్యాంకులో పనిచేసేదాన్ని కాబట్టి ఇలాంటి లెక్కలు ఊరికే వదలను. ఒక్కో డైవ్‌కి నాలుగొందల దగ్గర పడింది. అద్దె సూట్‌తో సరిపెట్టుకున్నా అంత అయ్యేది కాదు.

రెండోది 2017లో కొన్నాను. అదీ 3 ఎంఎమ్ మందానిదే, ధరా దాదాపు అంతే, గొప్ప రకం ఏమీ కాదు. దాంతో 160 డైవ్‌లు దాటాయి. ఏడాదికి రెండుసార్లు అండమాన్ వెళ్తాను, చలికాలంలో వీలైన ఆదివారాలు రుషికొండ. ఇంకా అదే వాడుతున్నాను. మధ్యలో నేనేమీ సముద్రాన్ని మార్చలేదు. మారింది ఇంట్లో దాన్ని చూసే పద్ధతే.

మొదటిదాన్ని సముద్రం ఏమీ చెయ్యలేదు. చంపింది మా మేడ, తర్వాత మా అటక.

ఆ వేసవి అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపం నుంచి వచ్చేటప్పుడు తడి సూట్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి సూట్‌కేసులో కుక్కాను. ఇంటికొచ్చి రెండ్రోజులు సూట్‌కేసు విప్పలేదు. విప్పాక ఒక బకెట్ నీళ్ళలో ఇలా ముంచి అలా తీసి, మేడ మీద దండేనికి భుజాల దగ్గర రెండు క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. మే నెల. సాయంత్రానికి అప్పడంలా ఆరింది. చూసి సంతోషించాను కూడా, పని అయిపోయిందని. దాన్ని నాలుగు మడతలు వేసి అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాం. ఆ పెట్టె మీద మా ఆయన ఇత్తడి గిన్నెల ట్రంకు పెట్టారు.

మళ్ళీ దించింది నవంబరులో. మడత పెట్టిన ప్రతిచోటా కాగితం మీద గీతలాగా ఒక పల్చటి చార. మోకాళ్ళ దగ్గర నెర్రెలు. భుజాలు రెండూ క్లిప్పులు పట్టుకున్నచోట సాగిపోయి చిన్న చెవుల్లా నిలబడ్డాయి. అయినా వేసుకునే వెళ్ళాను. హావ్‌లాక్ దగ్గర డిక్సన్స్ పినకిల్ అనే డైవింగ్ చోట, 25 మీటర్ల లోతు దాటాక, వీపు మీద అడ్డంగా ఎవరో చల్లటి తాడు కట్టినట్టు అనిపించింది. సరిగ్గా మడత ఉన్నచోట. ఆ నీళ్ళు 28 డిగ్రీలు, చల్లటి నీళ్ళు అనడానికి కూడా లేదు. కానీ గాలిలో కంటే నీళ్ళలో ఒంటి వేడి ఇరవై రెట్లకు పైగా వేగంగా పోతుంది. 28 డిగ్రీల నీళ్ళలో కూడా గంటసేపు ఉంటే పళ్ళు టకటకలాడతాయి.

అసలు ఈ సూట్ దేంతో చేస్తారో తెలిస్తే సగం జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు. పేరుకి రబ్బరే గానీ ఇది గట్టిపడిన నురగ. నియోప్రీన్ అనే ఈ కృత్రిమ రబ్బరుని 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు తయారుచేశారు. వెట్‌సూట్‌కి వాడేది దాన్ని పొంగించి లోపల గ్యాస్ బుడగలు బంధించిన రకం. ఇడ్లీ విరిచి చూస్తే లోపల గుల్లగుల్లగా ఉంటుంది చూశారా, అలాగన్నమాట. కాకపోతే ఇందులో ఏ గుల్ల ఆ గుల్లే మూసుకుని ఉంటుంది, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళు పోవు. దానికి రెండువైపులా నైలాన్ గుడ్డ అంటిస్తారు.

1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే ఫిజిక్స్ ఆయన నేవీ డైవర్ల కోసం ఆలోచిస్తూ, ఒంటిని పొడిగా ఉంచాలన్న పట్టుదల వదిలేశాడు. తడిస్తే తడవనీ, గుడ్డలో గ్యాస్ బుడగలుంటే చాలు, వేడి బయటికి పోదు అన్నాడు. సూట్ లోపలికి వచ్చిన నీళ్ళు వెచ్చబడి మనల్ని కాపాడతాయని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కాపాడేది బుడగలు. నీళ్ళు లోపలా బయటా పారుతూ ఉండకపోతే చాలు.

కాబట్టి సూట్ ముసలిదైందంటే అర్థం బుడగలు అణిగిపోయాయని. 10 మీటర్ల లోతుకి వెళ్తే ఒత్తిడి రెట్టింపు, 30 మీటర్లకి నాలుగు రెట్లు. వెళ్ళిన ప్రతిసారీ సూట్ పల్చబడుతుంది, పైకి రాగానే మళ్ళీ పొంగుతుంది. అలా కొన్ని వందలసార్లు అయ్యాక పూర్తిగా పొంగడం మానేస్తుంది. ఇది ఆగేది కాదు, దీనికి మందు లేదు. కానీ నా మొదటి సూట్ బుడగల్ని అణిచింది సముద్రం కాదు, ఆరు నెలలపాటు వాటి మీద కూర్చున్న ఇత్తడి గిన్నెలు. ఆపైన మేడ మీది ఎండ. ఎండలోని అల్ట్రావయొలెట్ రబ్బరుని గట్టిపరుస్తుంది, గట్టిపడ్డ రబ్బరు వంచిన చోటల్లా నెర్రె ఇస్తుంది.

అటక మీంచి దించిన ఆ సూట్‌ని చూసి మా అత్తయ్య అన్న మాట ఇది: "ఏటమ్మా, పట్టుచీర మడత మార్చకుండా ఒగ్గీసినట్టు ఒగ్గీసినావు."

ఆవిడది టెక్కలి. నీళ్ళకిందికి వెళ్ళడం మీద ఆవిడకి మంచి అభిప్రాయమేమీ లేదు. సూట్‌ని "నీ కప్ప చొక్కా" అంటారు. కానీ ఆ మాట నాకు పట్టుకుంది. పట్టుచీరకి ఆవిడ ఏం చేస్తారో ఒకసారి గుర్తు చేసుకున్నాను. ఎండలో వెయ్యరు, నీడన ఆరేస్తారు. పిండరు. తిరగేసి ఆరబెడతారు. బీరువాలో దాని మీద ఇంకేదీ పెట్టనివ్వరు. మూణ్ణెల్లకోసారి తీసి మడత మార్చి పెడతారు, లేకపోతే మడత దగ్గర చిరుగుతుందని. ఒక్కటి కూడా తీసెయ్యాల్సింది లేదు. రెండో సూట్‌కి అన్నీ వర్తింపజేశాను.

అలాగని అన్నీ వినకండి. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు ఆవిడ ప్రేమకొద్దీ సూట్ లోపల నాలుగు కలరా ఉండలు వేశారు. ఆ తర్వాత రుషికొండలో డైవ్‌కి వెళ్తే పడవలో అందరూ నాకు దూరంగా జరిగి కూర్చున్నారు. ఆ వాసన పోవడానికి నెల పట్టింది. కుంకుడుకాయ రసంతో ఉతకమని కూడా చెప్పారు. ఉతికాను. బాగానే శుభ్రపడింది, కాకపోతే వడకట్టడంలో తేడా వచ్చి కుంకుడు పిప్పి వెల్‌క్రోలో ఇరుక్కుంది. పిన్నీసుతో గంటసేపు తీశాను. ఇప్పుడు పిల్లల షాంపూ రెండు మూతలు, అంతే. బట్టల సబ్బు పొడి, బ్లీచింగ్, వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, ఇస్త్రీ ఏవీ దాని దరికి రాకూడదు. మా పనమ్మాయి ఒకసారి మొదటి సూట్‌ని మెషీన్‌లో వేసి స్పిన్ కూడా తిప్పింది. ఆ పిల్ల తప్పేముంది, నేను బట్టల బుట్టలో పడేస్తే.

ఉతకడం గురించి నేను నేర్చుకున్నది చాలావరకు హావ్‌లాక్‌లో, సామాన్లు చూసుకునే ఒక తెలుగు కుర్రాడి దగ్గర. ఇప్పుడు ఆ ద్వీపం పేరు స్వరాజ్ ద్వీప్, కానీ పడవల మీద ఇంకా హావ్‌లాకే. అండమాన్‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, చాలామంది మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళినవాళ్ళే. ఆ అబ్బాయి తాతగారు అలాగే ఓడెక్కారట. మాటల్లో సగం హిందీ. మొదట "మేడమ్" అనేవాడు, వాళ్ళ ఊరూ మా అత్తయ్యగారి ఊరూ దగ్గరే అని తెలిశాక "అక్కా" అయింది. సీజన్‌లో రోజుకి ముప్ఫై నలభై సూట్లు కడుగుతాడు. అద్దె సూట్ వాళ్ళ దగ్గర ఒకటి రెండు సీజన్లకి మించి రాదు, రోజూ వాడకం, రోజుకో ఒళ్ళు. అందుకే ఏ సూట్ ఎందుకు పోతోందో అతనికి చూడగానే తెలుస్తుంది. రెండువేళ్ళ మధ్య గట్టిగా నొక్కి వదిలి చూస్తాడు. వెంటనే పొంగితే బతికున్నట్టు. వేళ్ళ గుర్తు అలాగే ఉండిపోతే, "గయా అక్కా" అంటాడు.

అతను చెప్పిన మొదటి సంగతి: సూట్‌ని ఆరనిచ్చి కడగకూడదు. తడిగా ఉండగానే మంచినీళ్ళలో వెయ్యాలి. ఒకసారి ఆరిందంటే ఉప్పు పలుకులు కడుతుంది, నైలాన్ నేతలో, కుట్లలో, జిప్ పళ్ళ మధ్య. ఆ తర్వాత వంచిన ప్రతిసారీ అవి గరుకు కాగితంలా లోపల్నించి కోస్తూ ఉంటాయి. నేను తడి సూట్‌ని రెండ్రోజులు సంచిలో పెట్టి తెచ్చానని చెప్తే నవ్వాడు. "అక్కా, పచ్చడి పెట్టావా?"

ఇప్పుడు నేను చేసేది ఇది. పడవ దిగగానే అక్కడే ఒకసారి ముంచి తీస్తాను. రూముకి వచ్చాక బకెట్‌లో, ఇంటికొచ్చాక పెద్ద టబ్‌లో, తిరగేసి, లోపలివైపు బయటికి పెట్టి, ఇరవై నిమిషాలు నానబెడతాను. చెమటా ఒంటి జిడ్డూ అంతా లోపలివైపే కదా. నీళ్ళు చల్లగా ఉన్నా పర్వాలేదు, గోరువెచ్చగా ఉంటే మేలు. గీజర్ నీళ్ళు సలసలా పొయ్యొద్దు, కుట్ల దగ్గర ముక్కల్ని అతికించింది జిగురుతో, అది వేడికి మెత్తబడుతుంది. నానాక చేత్తో మెల్లగా పిసికి, నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు పట్టి, ఈసారి బయటివైపు.

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళకి ఒక చిక్కుంది. మా వీధిలో బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. ఏడాదిపాటు నేను ఆ నీళ్ళతోనే కడిగి, కడిగిన సూట్ మీద తెల్లటి పొడి ఎందుకు కడుతోందా అని ఆలోచించాను. ఇప్పుడు పొద్దున్న కుళాయి వచ్చే గంటలో రెండు బకెట్లు దానికోసం పట్టి ఉంచుతాను. ఇంకో సంగతి. నానబెట్టిన నీళ్ళు వృథా కాకుండా కరివేపాకు మొక్కకి పోశాను. మొక్క పోయింది.

ఆరబెట్టడం నీడలో, గాలి తగిలే చోట, ముందు లోపలివైపు. లోపలివైపు పూర్తిగా ఆరాక తిప్పి బయటివైపు. మార్చి నెలలో ఒక్క రోజు చాలు. ఆగస్టులో మా ఊళ్ళో మనుషులే ఆరరు, ఇక సూట్ ఎక్కడ ఆరుతుంది? ఫ్యాన్ కింద రెండు రోజులు పెడతాను. చెమ్మ ఉండగా లోపల పెడితే బూజు చుక్కలు పడతాయి, ముక్కిన వాసన వస్తుంది. ఆ చుక్కలు కడిగినా పోవు. చేతుల చివర, కాళ్ళ చివర, మెడ దగ్గర జిప్ కింద ఉండే ఆ నాలుకలాంటి పట్టీ, ఇవి ఆరాయా లేదా అన్నది చూడండి. మిగతాదంతా ఆరినా ఇవి తడిగానే ఉంటాయి.

వేలాడదీసేదాని దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. నీళ్ళు పట్టిన సూట్ బరువుగా ఉంటుంది. సన్నటి ఇనప హ్యాంగర్‌కి వేస్తే ఆ బరువంతా రెండు భుజాల మీద రెండు అంగుళాల మేర పడుతుంది, అక్కడ సాగి పల్చబడుతుంది. వెడల్పు భుజాల హ్యాంగర్లు డైవింగ్ సామాన్ల షాపుల్లో అమ్ముతారు, మంచివే. నాకు మాత్రం బట్టల కొట్లో తాను చుట్టి వచ్చే లావుపాటి అట్ట గొట్టం ఒకటి ఊరికే దొరికింది. దానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, లోపల్నించి తాడు దూర్చి, వెనక గదిలో కట్టాను. సూట్‌ని నడుం దగ్గర సగానికి, పంచె వేసినట్టు, దాని మీద వేస్తాను. గొట్టం లావు కాబట్టి మడత పడదు. తడి సూట్‌కీ అదే, పొడి సూట్‌కీ అదే. ఒకసారి రాత్రి కరెంటు పోయినప్పుడు మా పనమ్మాయి ఆ గదిలోకి వెళ్ళి పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చారు.

2020లో లాక్‌డౌన్ వచ్చాక రెండేళ్ళపాటు ఎక్కడికీ కదల్లేదు. వాడకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది, ఒకే చోట ఒకే వంపులో ఉంటే ఇంకా ఎక్కువ. అప్పుడు నెలనెలా గ్యాస్ బండ బుక్ చేసిన రోజున సూట్‌ని గొట్టం మీద రెండంగుళాలు అటో ఇటో జరిపి పెట్టేదాన్ని. మా ఆయన "రోగికి పక్క మారుస్తున్నావా" అనేవారు. 2022లో మళ్ళీ నీళ్ళలోకి దిగినప్పుడు దానికి ఏ జబ్బూ లేదు. నేనే ఒక సైజు పెరిగాను.

వాసన గురించి కూడా చెప్పక తప్పదు. నీళ్ళలోకి దిగగానే ఒత్తిడికీ చల్లదనానికీ కాళ్ళూ చేతుల్లోని రక్తం గుండె వైపు చేరుతుంది. ఒంట్లో నీళ్ళు ఎక్కువయ్యాయని శరీరం పొరపాటుపడి కిడ్నీలకి పని చెబుతుంది. జెట్టీ దగ్గర బాత్రూముకి వెళ్ళి వచ్చినా సరే, ముప్ఫై నిమిషాలకి మళ్ళీ వస్తుంది. నేను సూట్‌లో ఎప్పుడూ పోయలేదని మాత్రం చెప్పను. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళుంటారు, అది మరీ తప్పు, ఒంట్లో నీళ్ళు తగ్గితే డైవింగ్‌లో వచ్చే బెండ్స్ (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గ్యాస్ బుడగలు కట్టే జబ్బు) ముప్పు పెరుగుతుంది. తాగండి. అలాంటిది జరిగితే పైకి రాకముందే మెడ దగ్గర సూట్ కొంచెం లాగి సముద్రపు నీళ్ళు లోపలికి పోనివ్వండి, ఒడ్డుకి రాగానే విడిగా కడగండి. అందరి సూట్లూ ముంచే టబ్‌లో మాత్రం ముంచకండి. ఆ కుర్రాడు ఎవరి మీదా కోప్పడగా చూడలేదు, ఆ ఒక్క విషయంలో తప్ప.

ఆడవాళ్ళకి ఒక మాట. మెట్టెలు. నా రెండో సూట్‌కి మొట్టమొదటి చిరుగు సముద్రంలో పడలేదు, రాయి తగిలి పడలేదు, నా ఎడమకాలి మెట్టె అంచు తగిలి చీలమండ దగ్గర పడింది. గాజులు, ఉంగరాలు తియ్యాలని అందరూ చెప్తారు. మెట్టెలు ఎవరికీ గుర్తుండవు, నాకూ గుర్తులేదు. తియ్యనివ్వకపోతే, మా ఇంట్లోలాగా, కాలికి మామూలు ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని అప్పుడు కాలు దూర్చండి. ఇది మెట్టెలు లేనివాళ్ళకి కూడా పనికొస్తుంది. సూట్ ఎంత బిగుతుగా ఉన్నా కాలు సర్రున జారుతుంది. లాగడం లేదు, పీకడం లేదు, కుట్ల మీద బరువు పడదు. కాలు బయటికి వచ్చాక కవర్ తీసి రెండో కాలికి, తర్వాత చేతులకి. ఒక్క కవర్ చాలు. పైకి లాగేటప్పుడు గోళ్ళతో కాదు, వేళ్ళ మెత్తటి భాగంతో. గోరు దిగితే నైలాన్ కింద నురగ అర్ధచంద్రాకారంలో కోసుకుపోతుంది, బయటికి కనపడదు కూడా.

తలకి కొబ్బరినూనె రాసుకుని రాకండి అని కూడా చెప్పాలని ఉంది. అది మాస్క్ పట్టీ జారడం గురించి, వేరే కథ. కానీ మెడ దగ్గర నూనె జిడ్డు పట్టిన సూట్‌లు నేను చూశాను, అక్కడ దుమ్ము పేరుకుని నల్లగా మెరుస్తుంది. సూట్ సులువుగా ఎక్కుతుందని వ్యాజిలైన్ రాసేవాళ్ళూ ఉన్నారు. అది పెట్రోలియంతో చేసింది, రబ్బరుకి పడదు. పడవల్లో ఇంజను పక్కన చెక్క మీద కూర్చునేటప్పుడు డీజిల్ కారిందేమో చూసుకోండి. నా సూట్ వెనకవైపు ఒక మరక ఉంది. దాని కింద కుట్టు మొదట ఊడింది.

ఊడిన కుట్టు, చిన్న కోత ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. మూడేళ్ళ కిందట రుషికొండలో రాళ్ళకి అతుక్కుని ఉండే పదునైన గుల్లలు పిక్క దగ్గర రెండంగుళాలు కోశాయి. ఇంటికొచ్చి తొందరపడి రెండు సెకన్లలో అతుక్కునే చిన్న ట్యూబు జిగురు పూశాను. అతుక్కుంది నిజమే, కానీ గాజులా గట్టిపడింది. సాగే గుడ్డ మధ్యలో సాగని గీత ఉంటే ఏమవుతుంది? వారం తిరక్కుండా దాని పక్కనే ఇంకో చీలిక వచ్చింది. దానికి కావలసింది సాగే జిగురు, నియోప్రీన్ సిమెంట్ అని అడిగితే ఇస్తారు. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్‌లాంటిదే, పని చేసే పద్ధతీ అదే. కోతని కడిగి, బాగా ఆరబెట్టి, రెండు అంచులకీ పల్చగా పూసి, వెంటనే అతికించకుండా పది నిమిషాలు వదిలెయ్యాలి. మళ్ళీ ఒక పూత. వేలు పెడితే జిగురు వేలికి రాకుండా, ఊరికే పట్టుకున్నట్టు అనిపించినప్పుడు అంచుకి అంచు కలిపి నొక్కాలి. ఒక్కసారే కలపాలి, మళ్ళీ సర్దుకునే వీలుండదు. ఒక రోజు ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. నాది ఇప్పటికీ ఊడలేదు. తడి ఉన్నచోట మాత్రం ఏ జిగురూ పట్టదు, నేను ఈ జిగురుని మొదటిసారి సూట్ ఇంకా తడిగా ఉండగానే రాత్రి తొమ్మిదింటికి పూసి, పొద్దున్న డైవ్‌కి వెళ్ళి, పది నిమిషాల్లో అది చేపలకి సమర్పించి వచ్చాను.

ఇంత చేసినా కొన్ని ఆగవు. కొత్తలో ఈ సూట్ వేసుకుంటే మునగడానికి నడుముకి 5 కిలోల సీసం కావలసి వచ్చేది, ఇప్పుడు 4 చాలు. కొంత నా ఊపిరి కుదురుకుంది, కొంత దాని బుడగలు పోయాయి. జనవరిలో రుషికొండ నీళ్ళు 25, 26 డిగ్రీలకి దిగుతాయి, అప్పుడు లోపల ఇంకో పల్చటి బనీను వేసుకుంటున్నాను. ఎడమ మోకాలు నొక్కితే వేళ్ళ గుర్తు రెండు సెకన్లు ఉంటోంది. కోర్సు చేసేటప్పుడు ఇసకలో మోకాళ్ళ మీద కూర్చోబెడతారు చూడండి, ఆ అలవాటు నాకు చాలాకాలం పోలేదు. ఇసక మీద కూర్చోకుండా నీళ్ళలో తేలుతూ ఉండడం నేర్చుకుంటే మోకాళ్ళూ మిగులుతాయి, కింద ఉన్న పగడాలూ మిగులుతాయి.

ఇక జిప్. ఇంత కబుర్లు చెప్పి, జిప్ దగ్గర పోయిన ఏడాది నేనే బోల్తాపడ్డాను. సూట్ కడిగాను గానీ జిప్‌ని పైకీ కిందకీ లాగి కడగలేదు. పాత టూత్‌బ్రష్‌తో పళ్ళు రుద్ది, ఆరాక కొవ్వొత్తి ముక్క నాలుగుసార్లు రాస్తే సరిపోయే పని. రెండు నెలలకి చూస్తే జారే ముక్కకి చిలుము పట్టి, పచ్చగా బిగుసుకుపోయింది. వెనిగర్‌లో ముంచాను, కదిలింది. సంతోషంతో గట్టిగా లాగాను, విరిగింది.

పూర్ణా మార్కెట్ దగ్గర బ్యాగులు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, రెండువైపులా తిప్పి చూశాడు.

"ఇదేం బ్యాగు మేడమ్, కాళ్ళున్నాయి?"

బ్యాగు కాదు, వేసుకునేది అని చెప్పాను. కుట్టుమిషన్ మీదికి ఎక్కించబోతుంటే ఆపాను. జిప్ మార్చక్కర్లేదు, జారే ముక్క ఒక్కటే మార్చండి, సూది గుచ్చితే నీళ్ళు వస్తాయి అన్నాను. కింద చివర విప్పి, డబ్బాలో వెతికి, సరిపోయే ముక్క ఎక్కించి, రెండుసార్లు లాగి చూపించాడు. ఎనభై రూపాయలు. అంతసేపూ ఆయన కళ్ళు సూట్ నడుం మీదా నా మీదా తిరుగుతున్నాయి.

"ఏమనుకోకండి మేడమ్. ఇందులోకి మీరు ఎలా దూరతారు?"

ప్లాస్టిక్ కవర్ సంగతి చెప్పాను. ఆయన తలూపి, సూట్‌ని చుట్టి, బల్ల కిందనుంచి ఒక కవర్ తీసి అందులో పెట్టి ఇచ్చాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఒకటి చాలా మేడమ్, రెండో కాలికి ఇంకోటి ఇమ్మంటారా?"